ఖాళీ గడి అంటే అందరూ

ఆ కంటి ఆసుపత్రిలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు దాదాపు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి వార్డు ఆయాల దాకా అందరికీ అతను ట్రాఫిక్ బాబాయే. ఇది గిట్టనివాళ్లు అంటించిన పేరు కాదు, కోరి తెచ్చుకున్నది. నెట్ ఎందుకు నెమ్మదిగా ఉందని ఎవరైనా అడగడమే ఆలస్యం, వాళ్ల బల్ల మీది పెన్నులను రోడ్లుగా, టీ కప్పులను లారీలుగా, కళ్లజోడు పెట్టెను అంబులెన్సుగా పేర్చి పాఠం మొదలుపెట్టేవాడు. పాఠం అయ్యేసరికి టీ చల్లారిపోయేది, నెట్ దానంతటదే బాగయ్యేది, అడిగినవాళ్లు మళ్లీ జన్మలో అడక్కూడదని ఒట్టు పెట్టుకునేవాళ్లు. ఫిర్యాదులు బాగా తగ్గాయని అతను మేనేజరుకి సగర్వంగా చెప్పుకునేవాడు.

నిజానికి అతని ఉద్యోగం అంత తేలికైనదేమీ కాదు. ఆసుపత్రికి చిన్న ఊళ్లలో శాఖలున్నాయి. అక్కడ కెమెరాతో కంటి వెనక పొరను ఫొటో తీస్తే, అది ఇక్కడి పెద్ద భవనానికి చేరాలి. ఇక్కడి డాక్టరు చూసి ఏం చెయ్యాలో చెప్పాలి. బయటి ప్రపంచంలోకి వెళ్లడానికి ఆసుపత్రికి రెండు లైన్లు. ఒకటి కొత్తది, మంచి వేగం. రెండోది పాతది, దాని మానాన అది నడుస్తుంది. ఈ సమాచారమంతటినీ దారి మళ్లించే పెట్టె పేరు రౌటర్. దానికి మామూలుగా ఒక్కటే పట్టింపు, వచ్చింది ఎక్కడికి వెళ్లాలి అని. ఎవరు పంపారు, ఎంత తొందర అన్న గోల దానికి అక్కర్లేదు. అది కూడా పట్టించుకోవాలంటే విడిగా నియమాలు రాసిపెట్టాలి. కంటి ఫొటోలైతే మంచి లైనులో పో, సిబ్బంది చూసుకునే వీడియోలైతే పాత లైనులో పో, శాఖల నుంచి వచ్చింది లోపలే తిరుగు. ఇలాగన్నమాట. రౌటర్ వాటిని పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. మొదట ఏది సరిపోతే దాన్నే పాటించి, మిగతావాటి మొహం కూడా చూడదు.

ఇన్నాళ్లూ ఒక్కో శాఖ రౌటర్లోకీ వెళ్లి ఆ నియమాలను చేత్తో టైపు చేసేవాడు. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోవడం, మరిచిపోయిన చోటికి బస్సెక్కి పరిగెత్తడం అతనికి మామూలైపోయింది. ఆ బస్సులు ఎక్కలేక ఒక పనిముట్టు తయారుచేశాడు. అన్ని రౌటర్ల నియమాలూ ఒకే తెర మీద కనిపిస్తాయి. మౌస్‌తో పట్టుకుని పైకీ కిందికీ జరపొచ్చు. 'అమలు' అని నొక్కితే చాలు, అన్నీ ఒక్కసారే మారిపోతాయి. దానికి 'దారి' అని పేరు పెట్టాడు. ఆ పేరు కోసం ఎంత తర్జనభర్జన పడ్డాడంటే, "మన పిల్లకి పేరు పెట్టేటప్పుడు ఇందులో సగం ఆలోచించావా?" అని భార్య నిష్ఠూరమాడింది.

బళ్లో లెక్కలు చెప్పే ఆ ఇల్లాలు ఒకరోజు అతని భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది.

"పొరపాటున తప్పు నియమం పెట్టి నొక్కితే ఏమవుతుంది?"

"తప్పెవరు పెడతారు? నొక్కేది నేనేగా!"

"అందుకే అడుగుతున్నా" అంది ఆవిడ.

అతను నవ్వేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుందట.

*

'దారి'ని పెద్ద డాక్టరుగారికి చూపించాల్సిన రోజు వచ్చింది. పెద్ద డాక్టరుగారంటే ఆసుపత్రి పెట్టినావిడ. మాట తక్కువ, చూపు ఎక్కువ. అదే రోజు పొద్దున అతను తన అత్తగారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఎడమ కంటిలో శుక్లం ముదిరిందో లేదో చూపించాలి. అత్తగారు బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈల అక్కర్లేని గొంతు ఆవిడది. గ్రౌండుకి ఈ చివర 'అటెన్షన్' అంటే, ఆ చివర గోడ మీద కూర్చున్న దారినపోయేవాళ్లు కూడా లేచి నిలబడేవాళ్లట.

"మీరు ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు అత్తయ్యా. మా దగ్గర అంతా చకచకా అయిపోతుంది" అని చెప్పి, హాల్లో ఫ్యాను కింద కుర్చీ చూసి కూర్చోబెట్టాడు. నర్సు వచ్చి ఆవిడ కళ్లలో చుక్కలు వేసింది. కంటిపాపలు విప్పారడానికి వేసే ఆ మందు పడితే కాసేపు ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా ఆనదు. అతను ఇస్త్రీ చొక్కా సవరించుకుంటూ మేడెక్కాడు.

మీటింగు గదిలో పెద్ద డాక్టరుగారు, మేనేజరు, విభాగాల పెద్దలు కూర్చున్నారు. గోడ మీద 'దారి' నిండుగా వెలిగింది. మొదటి భాగం బ్రహ్మాండంగా సాగింది. పెన్నులూ కప్పులూ వాడకూడదని మేనేజరు ముందే హెచ్చరించాడు కాబట్టి నోటితోనే చెప్పాడు. ఒక శాఖ నియమాన్ని పైకి జరిపి చూపించాడు, కిందికి దించి చూపించాడు. ఎవరూ ఆవలించలేదు. అది చూసి అతనికి కాస్త ఎక్కింది.

అప్పుడు పెద్ద డాక్టరుగారు అడిగారు. "నా గదిలోంచి విద్యార్థులకి వీడియోలో పాఠం చెప్తుంటే మధ్యమధ్యలో ఆగిపోతోంది. దానికి ఇందులో ఏమైనా ఉందా?"

అడగాల్సిన మనిషి అడగాల్సిన ప్రశ్న అడిగింది! అతని గుండె పొంగిపోయింది. "లేకేం మేడమ్! ఇప్పుడే, మీ కళ్ల ముందే" అన్నాడు. అదేదో ఇంకో రోజు తీరిగ్గా చేస్తానని ఉంటే ఈ కథే లేదు.

ఈ భవనంలోని పెద్ద రౌటరుకి కొత్త నియమం తెరిచాడు. మూడు గడులు వచ్చాయి. ఎవరి నుంచి, ఎక్కడికి, ఏ లైనులో. 'ఏ లైనులో' అన్నచోట మంచి లైను పెట్టాడు. 'ఎక్కడికి' అన్నది ఖాళీగా వదిలేశాడు, పాఠం ఎక్కడికైనా వెళ్లొచ్చు కాబట్టి. 'ఎవరి నుంచి' అన్నచోట పెద్ద డాక్టరుగారి గది అని నింపాలి. నింపబోతున్నవాడల్లా, ఇంతలో ఒక చమత్కారం తోచి వెనక్కి తిరిగాడు. "పెద్దవాళ్ల నియమం పైనే ఉండాలి కదా మేడమ్" అంటూ ఆ నియమాన్ని పట్టుకుని అన్నిటికంటే పైకి లాగాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు చెవుల్లో మోగుతుండగానే 'అమలు' నొక్కేశాడు.

తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

"కొంచెం టైము తీసుకుంటుంది" అన్నాడు. తీసుకోదని అతనికి తెలుసు. "ఈ ప్రొజెక్టరు కొంచెం పాతది" అన్నాడు. చక్రానికీ ప్రొజెక్టరుకీ ఏ సంబంధమూ లేదనీ తెలుసు. నోరు ఏదో ఒకటి అంటూనే ఉంది. పక్క గదిలో మోగుతున్న టేబులు ఫోను మధ్యలో టక్కున ఆగింది. ఆ ఫోన్లు కూడా నెట్ మీద నడిచేవే.

మేనేజరు కళ్లజోడు పైకి తోసుకుని గోడ వైపు చూశాడు. "ఆ మొదటి గడి ఖాళీగా ఉందేంటి? అలా ఉండొచ్చా?" అని అమాయకంగా అడిగాడు.

జానెడేసి అక్షరాలతో, గోడంత వెడల్పున, 'ఎవరి నుంచి' అన్నదాని పక్కన తెల్లగా ఖాళీ.

ఖాళీ గడి అంటే రౌటర్ భాషలో అందరూ. ఎవరు ఎక్కడికి ఏది పంపినా బయటి లైనులోకి తోసెయ్. ఇదీ అతను స్వహస్తాలతో పైన కూర్చోబెట్టిన నియమం. పక్క భవనంలో రికార్డులన్నీ దాచే సర్వరుకి వెళ్లాల్సిన పేషెంట్ల చీటీలు, శాఖల నుంచి వచ్చిన ఫొటోలకి జవాబులు, ఫోను మాటలు, అన్నీ గేటు దాటి లోకంలోకి వెళ్లిపోయి అక్కడ అడ్రసు లేకుండా పోతున్నాయి. కింద ఉన్న మంచి నియమాలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి, వాటి దాకా ఎవరూ రావడం లేదు. అన్నిటికంటే ఘోరం, నియమం తీసెయ్యడానికి 'దారి' రౌటర్ని పలకరిస్తే రౌటర్ వింటోంది, పాపం జవాబూ ఇస్తోంది. ఆ జవాబు కూడా అదే బయటి లైనులో ఊళ్లు పట్టుకుని పోతోంది, అది అందితే గాని 'దారి' అసలు ఆజ్ఞ పంపదు.

రిసెప్షను అమ్మాయి ఆయాసపడుతూ తలుపు తోసుకొచ్చింది. "సార్! ఏదీ తెరుచుకోవట్లేదు! ఫోన్లు కూడా పోయాయి!"

గదిలో అందరూ ఆ అమ్మాయిని కాకుండా అతన్నే చూశారు. లైను కంపెనీవాళ్ల మీదికి తోసేద్దామన్నా వీల్లేదు. తన తప్పును తనే సినిమా తెరంత చేసి ఆసుపత్రి పెద్దలందరికీ వేసి చూపించాడాయె.

"నేను వెళ్లి చేత్తో తీసేస్తాను" అన్నాడు.

*

చేత్తో తియ్యడమంటే రౌటరున్న గదికి వెళ్లి, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా దానికి ఒక కేబుల్ తగిలించడం. చిటికెలో పని. కేబుల్ పట్టుకుని ఆ గది ముందుకి వెళ్లి, మెడలో కార్డు తీసి తలుపుకి చూపించాడు. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ చూపించాడు. మళ్లీ ఎరుపే.

ఆ తలుపుకి తాళం బదులు కార్డు పెట్టించింది అతనే. ఈ కార్డు ఎవరిదని తలుపు సర్వరుని అడుగుతుంది. సర్వరు ఔనంటే తెరుచుకుంటుంది. ఇప్పుడా అడగడం కూడా గేటు దాటి వెళ్లిపోతోంది. ఇలాంటి అవసరానికని మామూలు తాళంచెవి కూడా ఒకటుంది. ఎవరి చేతిలోనో పడకుండా భద్రంగా ఉంటుందని దాన్ని గది లోపల మేకుకి తగిలించాడు. అదీ అతనే.

అతను నుదురు తలుపుకి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. పగవాడు పనిగట్టుకుని పన్నినా ఇంత పకడ్బందీగా పన్నలేడనిపించింది.

వెనకే వచ్చిన మేనేజరు, "పోనీ మెయిన్ కరెంటు తీసేసి మళ్లీ వేస్తే?" అన్నాడు.

"రౌటరు బ్యాటరీ మీద ఉంటుంది సార్, ఆగదు. పైగా ఇదే అంతస్తులో ఆపరేషను థియేటరు ఉంది."

మేనేజరు తన చేతుల్ని స్విచ్చుబోర్డుకి దూరంగా జేబుల్లో పెట్టేసుకున్నాడు.

ఇక మిగిలింది మేస్త్రీ. కింద కళ్లజోళ్ల దుకాణంలో అలమారాలు బిగిస్తున్న వడ్రంగి. అతని దగ్గరికి పోవాలంటే హాలు మీదుగానే దారి.

హాలు సంతలా ఉంది. పేర్లు పిలిచే తెర నల్లగా మొహం వేలాడేసుకుంది. నర్సులు కాగితాల మీద పేర్లు రాసుకుంటూ గొంతు చించుకుంటున్నారు. అతను గోడ వారగా, తేలు కుట్టిన దొంగలా, చప్పుడు చెయ్యకుండా నడిచాడు. కళ్లలో చుక్కలున్నాయి కదా, అత్తగారికి కనిపించడు. అంతా బాగానే ఉండేది గాని, కంగారు పుడితే గొంతు సవరించుకునే పాడలవాటొకటి ఉంది అతనికి. సరిగ్గా ఫ్యాను దగ్గరికి రాగానే సవరించుకున్నాడు.

"బాబూ! నువ్వేనా?"

హాలు మొత్తం అటు తిరిగింది.

"ఇడుగో, నేను చెప్పలా! మా అల్లుడు!" అత్తగారు గాలిలో చెయ్యి ఊపుతూ, అతనికి రెండు మూరల దూరంలో ఉన్న స్తంభాన్ని చూపించింది. "కంప్యూటర్లన్నీ ఇతని చేతిలోనే ఉంటాయి. ఎవరో తెలివితక్కువ దద్దమ్మ ఏదో నొక్కితే ఆగిపోయిందట. మావాడొచ్చాడుగా, ఇంక చూడండి!"

పక్క కుర్చీలోని పెద్దాయన చేతులు జోడించాడు. "మీరే కాపాడాలి బాబూ. పొద్దున్నుంచీ టిఫిన్ కూడా చెయ్యకుండా వచ్చాను."

"చూస్తానండీ" అన్నాడు.

"ఆ నొక్కినవాణ్ణి మాత్రం వదలకు!" అని అత్తగారు వెనకనుంచి ఆజ్ఞాపించింది.

"వదలను అత్తయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నిజం.

*

మేస్త్రీ పనిముట్ల సంచీతో వచ్చి, గది తలుపుని పైనుంచి కింద దాకా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈ తలుపు బిగించింది నేనే సార్."

"అయితే ఇంకేం, ఇట్టే ఊడదీస్తావు."

"అదే చెప్తున్నా. నేను బిగించింది ఊడదు. ఏనుగొచ్చి తోసినా కదలదని మేనేజరుగారికి మాటిచ్చాను. అడగండి."

మేనేజరు అవునన్నట్టు తలూపాడు. మేస్త్రీ మొహంలో బాధా గర్వమూ కలిసిపోయాయి. ఆ మొహాన్ని అతను ఇట్టే గుర్తుపట్టాడు. పొద్దున అద్దంలో చూసుకున్నది అలాంటిదే, అందులో బాధొక్కటే తక్కువ.

మడతబందులన్నీ లోపలి వైపున ఉన్నాయి. మేస్త్రీ ఉలి పెట్టాడు, సందు దొరకలేదు. ఇనుపకడ్డీ పెట్టాడు, కడ్డీ వంగింది. "చూశారా!" అన్నాడు సంబరంగా.

"మేస్త్రీ, నీ పనితనం అర్థమైంది. దండం పెడతాను, ఓడిపో."

చివరికి డ్రిల్లు మిషను తెచ్చి, తాళం ఉన్నచోట చెక్కని గుండ్రంగా తొలిచేశాడు. ఆ రొదకి థియేటరు నర్సు వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టి వెళ్లింది. తలుపు తెరుచుకునేసరికి మేస్త్రీ ఆ రంధ్రాన్ని నిమురుతూ నిట్టూర్చాడు. అతనికి ఓదార్చే తీరిక లేదు. కింద కూర్చుని కేబుల్ తగిలించాడు. నల్లటి తెర మీద పైనుంచి మొట్టమొదటి నియమం చెరిపేశాడు. ఒక్కటంటే ఒక్క వరస.

మరుక్షణం కారిడారులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. అతను గోడకి చేరగిలబడి ఆ మోతని పాటలా విన్నాడు.

అప్పటిదాకా తలెత్తి అడగలేని ప్రశ్న ఒకటి ఉండిపోయింది. మెల్లగా మేనేజరుని అడిగాడు. "శాఖల నుంచి అర్జెంటు ఫొటో ఏదైనా..."

"ఒకటుంది. కంటి వెనక పొర ఊడిన కేసు. అక్కడి డాక్టరమ్మ సొంత ఫోనులోంచి మేడమ్‌కి చేసి చెప్పింది. పేషెంటుని ఇక్కడికి బయల్దేరదీశారు. ఏం ఫర్వాలేదట."

అతను చుట్టిన కేబుల్‌నే విప్పి మళ్లీ చుట్టాడు.

*

అత్తగారిని ఆ రోజు పెద్ద డాక్టరుగారే స్వయంగా చూశారు. అతను తలుపు దగ్గర నిలబడి తన వంతు తిట్ల కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఈవిడ మీ అత్తగారా?" అన్నారు డాక్టరుగారు లైటు వేసి కంట్లోకి చూస్తూ. "అమ్మా, మీకు ఆలస్యమైంది. ఏమనుకోకండి. ఇవాళ మీ అల్లుడే ఆపాడు, మీ అల్లుడే బాగుచేశాడు."

అత్తగారు గడ్డం ఆ యంత్రం మీద ఆనించి ఉన్నందున తల తిప్పలేకపోయింది. "మొత్తమా?" అంది అలాగే.

"మొత్తం."

"శాఖలతో సహానా?"

"శాఖలతో సహా" అన్నాడు అతను తలుపు దగ్గర్నుంచి.

పరీక్ష అయ్యాక ఆవిడ అతని చెయ్యి పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఏ మూలకో తీసుకెళ్లి నాలుగు దులుపుతుందనుకున్నాడు. ఆవిడ నేరుగా ఫ్యాను కిందికి నడిచి, ఇంకా అక్కడే కూర్చున్న పెద్దాయన వైపు, కాదు, ఆయన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"ఏమండీ, ఇందాక సగమే చెప్పాను. ఆపింది కూడా మావాడేనట!"

"అత్తయ్యా..."

"ఉండు బాబూ. ఇంత పెద్ద ఆసుపత్రిని, ఊళ్లలోవాటితో సహా, ఒక్క వేలితో ఆపాడట! నేను 'అటెన్షన్' అంటే ఒక్క గ్రౌండే ఆగేది."

హాల్లో నవ్వులు పుట్టాయి. టిఫిన్ తినని పెద్దాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. అతనికి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. కాని ఎందుకో, పొద్దున్నుంచీ బిగుసుకుపోయిన భుజాలు అప్పుడే కొంచెం దిగాయి.

ఇంటికెళ్లాక భార్య అంతా విని, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. 'నేను ముందే అడిగాను' అని మాత్రం అనలేదు. ఆ అనకపోవడం వారం రోజులు నడిచింది.

*

అత్తగారి కంటి ఆపరేషను రోజున అతను చక్రాల కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఎడమ కనుబొమ పైన నీలం సిరాతో బాణం గుర్తు గీశారు. ఒక నర్సు వచ్చి, "ఏ కన్నమ్మా?" అని అడిగింది. ఎడమంది అత్తగారు. థియేటరు తలుపు దగ్గర ఇంకొకరు వచ్చి అదే ప్రశ్న వేశారు. లోపల్నుంచి పెద్ద డాక్టరుగారు వచ్చి, తన చేతిలోని కాగితం చూసి, బాణం చూసి, మళ్లీ అడిగారు. "అమ్మా, ఇవాళ మనం ఏ కంటికి చేస్తున్నాం?"

"ఎంతమందికి చెప్పాలమ్మా! బాణం గీసుంది కదా?" అని అత్తగారు విసుక్కుంది.

"మీరే చెప్పాలి. నేను చెప్పుకుంటే లెక్కలోకి రాదు" అన్నారు డాక్టరుగారు ఏ తొందరా లేకుండా.

వేల కళ్లు బాగుచేసిన మనిషి. తన చేతిని తను అంతగా నమ్మకుండా అడుగుతోంది. తలుపు మూసుకున్నాక అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు. తనేమో గడి వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా నొక్కేశాడని గుర్తొచ్చి ఒళ్లు సిగ్గుతో వేడెక్కింది.

ఆ వారంలో 'దారి' మారింది. ఇప్పుడు ఏ గడైనా ఖాళీగా వదిలి 'అమలు' నొక్కితే, "అంటే అందరినీనా?" అని అడుగుతుంది. అవునని చేత్తో టైపు చేస్తే తప్ప కదలదు. అమలయ్యాక కూడా, అంతా బాగుందని కాసేపట్లో మనిషి చెప్పకపోతే, పాత నియమాలని తనంతట తనే తిరిగి పెట్టేసుకుంటుంది. మొదట్లో ఉత్సాహం పట్టలేక ప్రతి చిన్నదానికీ ప్రశ్న వేయించాడు. మూడు నియమాలు మార్చేసరికి ప్రశ్నలకి జవాబు చెప్పలేక తనకే ఏడుపొచ్చింది. అప్పుడు అక్కర్లేనివి కొన్ని తీసేశాడు. తాళంచెవి సెక్యూరిటీ గదికి మారింది. మేస్త్రీ తలుపు రంధ్రానికి అతుకు వేసి, ఈసారి ఎవరికీ ఏ మాటా ఇవ్వనన్నాడు.

రెండోసారి చూపించే రోజున మీటింగు గది కిక్కిరిసిపోయింది. పనిముట్టు మీద ప్రేమతో కాదు, మళ్లీ ఏమాగుతుందో చూద్దామని వచ్చారు జనం. అతను పెద్ద డాక్టరుగారి గది పేరు గడిలో నింపి, పైకి చదివి వినిపించి, మేనేజరు చేత కూడా చదివించి, నొక్కాడు. ఏదీ ఆగలేదు. రిసెప్షను అమ్మాయి తలుపు తీసి తొంగి చూసి, "అన్నీ నడుస్తున్నాయి సార్" అని కొంచెం నిరాశగా చెప్పి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారు విద్యార్థులకి వీడియోలో పాఠం చెప్పారు. అతను ఆవిడ గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చుని, ఎక్కడైనా ఆగుతుందేమోనని చూశాడు. ఎక్కడా ఆగలేదు. కంటిపాప గురించి, నరాల గురించి ఆవిడ చెప్పినదాంట్లో అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. మాట మాత్రం తెగకుండా, స్పష్టంగా, ఏ ఊళ్లోనో ఉన్న పిల్లల దాకా చేరుతోంది. అది వింటూ వింటూ అలాగే గోడకి ఒరిగి నిద్రపోయాడు. గురక పాఠంలోకి కూడా వెళ్లిందని తర్వాత విద్యార్థులు చెప్పారు.